మందుకు లొంగని పొదుగువాపు – మనం చేయాల్సిన పని

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో పశుపోషణ ఉపసంఘం తరఫున పశుమిత్రలు చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాదీ ఈ సభలో మేము లెక్కలు చదివేవాళ్లం. ఎన్ని ఆవులకు గాలికుంటు టీకా వేయించాము, ఎన్ని దూడలకు నట్టల మందు తాపాము, ఎన్ని పశువులకు బీమా కట్టించాము అని. ఆ లెక్కలు ఈ నివేదికలోనే వేరే చోట ఉన్నాయి, చూసుకోండి. ఈ పొద్దు మాకు ఇచ్చిన సమయంలో ఒకే ఒక విషయం మాట్లాడాలని అనుకున్నాము. అందులో మా తప్పు కూడా ఉంది. అది ముందే చెప్పి మొదలుపెడతాము.

మన సభ్యురాలు ఒకామె అప్పు తీసుకుని హెచ్.ఎఫ్. సంకరజాతి ఆవును కొనింది. రెండో ఈత ఆవు. పూటకు ఆరు లీటర్లకు తక్కువ లేకుండా ఇచ్చేది. ఈనిన నెలకు వెనక చన్ను ఒకటి గట్టిపడింది. పాలలో విరిగిన పాల మాదిరి తునకలు వచ్చాయి. ఆమె మాకు ఫోన్ చేసింది. మా పెట్టెలో ట్యూబులు ఉన్నాయి. డాక్టరుగారిని అడగకుండానే రెండు ట్యూబులు ఎక్కించాము. వాపు దిగింది, పాలు తేటపడ్డాయి. ఇంక చాలులే అని ఆపేశాము. ఖర్చు మిగిలిందని ఆమెకూ సంతోషం, మాకూ సంతోషం.

ఇరవై రోజులకు అదే చన్నుకు మళ్లీ వచ్చింది. ఈసారి వాళ్లాయన మందుల అంగడిలో అడిగి ఇంకో రకం సూదిమందు తెచ్చి రెండు పూటలు వేయించినాడు. తగ్గింది, మళ్లీ వచ్చింది. మూడోసారి ఇంకో మందు. నాలుగోసారికి ఏ మందుకూ కదల్లేదు. అప్పుడు పశువైద్యాధికారి వచ్చి పాలు తీసి పరీక్షకు పంపించినారు. అంతకుముందు వాడిన మందుల్లో ఒక్కటీ ఆ క్రిమి మీద పనిచేయదని రిపోర్టు వచ్చింది. ఆ చన్ను ఎండిపోయింది. తరువాత పక్క చన్ను కూడా పోయింది. ఆవును అమ్మితే కొన్న ధరలో సగం రాలేదు. ఆవు పోయినా కంతులు ఆగవు కదా. ఆమె ఇప్పటికీ కడుతోంది. పేరు చెప్పకుండా ఈ సంగతి సభలో చెప్పమని మాతో అన్నది ఆమే.

ఆ క్రిమి మా వల్లే అట్లా మారిందా, ముందే మారి వచ్చిందా అంటే ఎవరూ చెప్పలేరని డాక్టరుగారు అన్నారు. కానీ క్రిమి ఏదో తెలుసుకోకుండా మందు మీద మందు మార్చడం, తగ్గినట్టు కనపడగానే ఆపేయడం, ఇవన్నీ క్రిమికే మేలు చేస్తాయని చెప్పారు. ఆ పనులు చేసినవాళ్లలో మేమూ ఉన్నాము.

పొదుగులో ఏం జరుగుతుంది?

పొదుగువాపు అనేది ఒకే జబ్బు కాదు. చన్ను రంధ్రం గుండా క్రిములు లోపలికి పోతే వచ్చే వాపు అది. ఆ క్రిములు ప్రధానంగా రెండు దారుల్లో వస్తాయి. కొన్ని ఆవు నుంచి ఆవుకు మన చేతుల ద్వారా, తుడిచే గుడ్డ ద్వారా, మిషను ద్వారా పోతాయి. స్టెఫైలోకాకస్ ఆరియస్ ఈ రకం. మన సభ్యురాలి ఆవుకు వచ్చింది ఇదే. ఇంకొన్ని పేడలో, బురదలో, తడి నేలలో ఉంటాయి. ఆవు పడుకున్నప్పుడు చన్నుకు అంటుకుంటాయి. ఈ. కోలై ఈ రకం.

స్టెఫైలోకాకస్ మొండిది. పొదుగు కండలో గడ్డలు కట్టి దాక్కుంటుంది, కణాల లోపలికి కూడా దూరుతుంది. పైకి వాపు తగ్గినట్టు ఉంటుంది, లోపల మాత్రం ఉంటుంది. అందుకే తిరిగి తిరిగి వస్తుంది. కాబట్టి మందు పనిచేయని ప్రతిసారీ క్రిమి మందుకు లొంగనిదైపోయిందని అనుకోకూడదు. మందు ఆలస్యంగా వేసి ఉండొచ్చు, దాక్కున్న క్రిమికి మందు అంది ఉండకపోవచ్చు, అసలు అది బ్యాక్టీరియా కాక బూజు జాతిది కావచ్చు. బూజు జాతి క్రిమికి యాంటీబయాటిక్ ఎంత వేసినా దండగే. పరీక్ష లేకుండా ఇది తెలియదు.

ఇంక లొంగకపోవడం అంటే ఏమిటి? టమోటా పెట్టే అక్కలకు ఇది మేము చెప్పనవసరం లేదు. తెల్లదోమకు ఒకే మందు కొట్టి కొట్టి, మొదట్లో చచ్చిన దోమ తరువాత చావకుండా పోవడం చూసినాము. మొదటిసారి కొట్టినప్పుడు నూటికి తొంభై తొమ్మిది చచ్చినా, ఎందుకో తట్టుకున్న ఒకటి మిగులుతుంది. దాని పిల్లలే చేనంతా నిండుతాయి. పొదుగులో జరిగేదీ అదే. కాకపోతే దోమకు పిల్లలు పుట్టడానికి రోజులు కావాలి, క్రిమికి గంట కూడా అక్కర్లేదు.

క్రిములకు ఇంకో విద్య కూడా ఉంది. ఒక క్రిమి దగ్గర మందును తట్టుకునే గుణం ఉంటే, దాన్ని పక్క క్రిమికి కూడా అందించగలదు. తన జాతిదే కానక్కర లేదు. కొన్ని క్రిములు పెన్సిలిన్‌ను తుంచేసే పదార్థాన్ని తయారుచేసుకుంటాయి. సూది పడిన మందు ముక్కలై పనికి రాకుండా పోతుంది. పెన్సిలిన్‌ను 1928లో కనుక్కున్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి తీసుకుంటూనే, తక్కువ మోతాదులో వాడితే క్రిములు మందుకు అలవాటు పడతాయని హెచ్చరించినాడు. ఆయన చెప్పి ఎనభై ఏండ్లు అయింది.

ఇది ఆవు సంగతే అనుకోవద్దు

ఆవుకూ మనకూ మందులు వేరు కాదు. పేర్లు, సీసాలు వేరు కావచ్చు, లోపలి మందు చాలాసార్లు ఒకటే. జ్వరం ముదిరితే ఆసుపత్రిలో మన పిల్లలకు ఎక్కించే సెఫ్ట్రియాక్సోన్‌ను ఆవులకు కూడా వాడుతున్నారు. కొట్టంలో ఆ మందుకు లొంగని క్రిమి తయారైతే అది కొట్టంలోనే ఉండిపోదు. పాలు పిండే చేతికి వస్తుంది, పేడ తట్టలోకి వస్తుంది, కాచని పాలలోకి వస్తుంది. 2011లో ఇంగ్లండులో ఆవు పాలను పరీక్ష చేస్తుంటే మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్‌లో అంతవరకూ తెలియని కొత్త రకం బయటపడింది. అదే రకం మనుషుల్లోనూ కనపడింది. 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది నేరుగా మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల చనిపోయారని 2022లో అచ్చయిన లెక్క చెబుతోంది. మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్ అనే మందును పశువుల్లో, కోళ్లలో వాడకూడదని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది కూడా ఇందుకే.

ఇంకొక సంగతి. ఆ ఆవుకు సూదులు వేయిస్తున్న రోజుల్లోనే, ఆ ఇంటి నుంచి వాడుకగా పాలు పోయించుకునే ఒక ఇంట్లో పెరుగు తోడుకోలేదు. తోడు మంచిది కాదేమో అని మార్చినారు. మరుసటి రోజూ అంతే. ఎవరో దిష్టి అన్నారు. అది దిష్టి కాదు. పాలలో మిగిలిన మందు తోడులోని మంచి క్రిములను కూడా చంపేసింది. పాలు కాచితే క్రిములు చస్తాయి, కానీ చాలా మందులు కాచినా పోవు. ఆ ఇంట్లో మూడేండ్ల బిడ్డ ఉంది. ఆ పాలు ఆ బిడ్డ కూడా తాగింది.

అందుకే ప్రతి మందు పెట్టె మీద పాలు ఎన్ని రోజులు వాడకూడదో రాసి ఉంటుంది. రాసి లేకపోతే పాలకు 7 రోజులకు తగ్గకూడదని 2012లో మన దేశంలో నిబంధన తెచ్చారు. ఆఖరి సూది వేసిన రోజు నుంచి లెక్క, మొదటి సూది నుంచి కాదు. మందు ఒక చన్నుకే ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ ఆపాల్సిందే. ఆ పాలు దూడకు తాపితే దండగ కాదు కదా అని చాలామంది తాపుతున్నాము. వద్దు. దూడ కడుపులోని క్రిములు ఆ కొంచెం మందుతోనే తట్టుకోవడం నేర్చుకుంటాయి. ఇంటికి, బావికి దూరంగా గుంత తీసి పోసి మట్టి కప్పండి.

రాకుండా చూసుకోవడమే మొదటి మందు

మందు ఎంత తక్కువ వాడితే అది అంత కాలం పనిచేస్తుంది. తక్కువ వాడాలంటే జబ్బు రాకూడదు. దీనికి డబ్బు కంటే అలవాటు ఎక్కువ కావాలి.

పాలు పిండే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. చన్నులు కడిగి పొడిగా తుడవండి. ఒక్కో ఆవుకు ఒక్కో గుడ్డ ఉండాలి. ఒకే గుడ్డతో నాలుగు ఆవులను తుడిస్తే జబ్బును మన చేత్తోనే పంచిపెట్టినట్టు. బొటనవేలు మడిచి పిండితే చన్ను లోపల కమిలిపోతుంది. పిడికిలితో పిండండి. పాలతోనే చన్ను తడుపుకుని పిండే అలవాటు మానుకోండి. మొదటి రెండు ధారలను నల్లటి గిన్నెలో పట్టి చూడండి, తునకలు ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ఆ ధారలను నేల మీద మాత్రం పిండవద్దు. బాగున్న ఆవులను ముందు, జబ్బు ఆవును చివర పిండండి.

పిండిన తరువాత చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంటకు పైగా పడుతుంది. ఆ సమయంలో ఆవు పడుకుంటే తెరిచిన తలుపులో నుంచి దొంగ వచ్చినట్టే. కాబట్టి మేత పిండేటప్పుడు కాదు, పిండినాక వేయండి. మేస్తూ నిలబడి ఉంటుంది. చన్నులను అయోడిన్ మందులో ముంచడం కూడా ఆ అరగంటకు కాపలాయే. కొట్టంలో తడి లేకుండా చూసుకుంటే పేడ క్రిముల బాధ సగం తప్పుతుంది.

పైకి ఏమీ కనపడకుండా లోపల ఉండే పొదుగువాపు చాలా ఎక్కువ. వాపు ఉండదు, పాలు తెల్లగానే ఉంటాయి, దిగుబడి మాత్రం రోజుకు కొంచెం తగ్గుతూ పోతుంది. దీన్ని కనుక్కునే పరీక్షను 1957లో అమెరికాలోని కాలిఫోర్నియాలో తయారుచేశారు. అదే పద్ధతిని బట్టల పొడితో ఇంట్లోనే చేసుకోవచ్చు. అర లీటరు నీళ్లలో 15 గ్రాముల బట్టల పొడి కలపండి. నాలుగు చన్నుల పాలను నాలుగు గిన్నెల్లో రెండేసి చెంచాలు పట్టండి. అంతే కొలత సబ్బు నీళ్లు పోసి ఒక నిమిషం గుండ్రంగా తిప్పండి. పలచగా ఉంటే మంచిది. గుడ్డు సొన మాదిరి జిగురుగా చిక్కబడితే ఆ చన్నులో వాపు ఉన్నట్టు. ఈనిన మొదటి వారంలో, ఒట్టిపోయే ముందు రోజుల్లో ఈ పరీక్షను నమ్మకూడదు. చిక్కబడింది కదా అని ట్యూబు ఎక్కించకూడదు కూడా. చిక్కబడితే చేయాల్సింది డాక్టరుకు చెప్పడం.

వచ్చినప్పుడు ఏం చేయాలి?

ఆవుకు జ్వరం ఉన్నా, మేత ముట్టకపోయినా, పాలు నీళ్ల మాదిరి వస్తున్నా, చెవులు చల్లబడినా ఒక్క పూట కూడా ఆగవద్దు. వెంటనే 1962కు ఫోన్ చేయండి. అట్లాంటి పొదుగువాపు ఒక్క రోజులో ఆవు ప్రాణం తీస్తుంది. అక్కడ యాంటీబయాటిక్ కావాలా, ఏది కావాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. మందు తక్కువ వాడమంటే అవసరమైన ఆవుకు కూడా వేయించవద్దని మేము చెప్పడం లేదు.

ఆవు బాగానే తింటూ, పాలలో తునకలు మాత్రమే ఉంటే కంగారు పడి అంగడికి పరుగెత్తవద్దు. తేలికపాటి వాపుల్లో కొన్ని ఆవు తన బలంతోనే తగ్గించుకుంటుంది. డాక్టరుకు చెప్పి, మందు మొదలుపెట్టక ముందే పాలు పరీక్షకు తీయించండి. ఒక్క సూది పడినాక తీస్తే పరీక్షలో క్రిమి దొరకకపోవచ్చు. చన్ను చివరను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు పారబోసి, శుభ్రమైన సీసాలో పట్టి, ఐసు డబ్బాలో అదే రోజు పంపాలి. సీసాలు మా దగ్గర ఉన్నాయి. క్రిమి ఏదో, ఏ మందుకు లొంగుతుందో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది.

ఆ లోపల ఆ చన్ను పాలను రోజుకు మూడు నాలుగు సార్లు పూర్తిగా పిండి తీసేయండి. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న ఇంటి మందు ఒకటి ఉంది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి రుబ్బి, పొదుగు కడిగి, పలచగా చేసి రోజుకు ఎనిమిది, పది సార్లు అయిదు రోజులు పూయాలి. డాక్టరుతో మాట్లాడుతూనే ఇది చేయండి. జ్వరంతో ఉన్న ఆవుకు దీన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ట్యూబు ఎక్కించాల్సి వస్తే చన్ను కొన శుభ్రం చేయకుండా ఎక్కించకండి. మురికి మూతితో ఎక్కిస్తే మందుతోపాటు కొత్త క్రిమిని కూడా లోపలికి పంపినట్టు. ఒక ట్యూబును రెండు చన్నులకు పంచవద్దు. డాక్టరు ఎన్ని రోజులు అన్నారో అన్ని రోజులు వేయండి. పక్క ఆవుకు మిగిలిన మందు మీ ఆవుకు వద్దు. మందు పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది చీటీ లేకుండా కొనకూడని మందు అని గుర్తు.

సభ ముందు మా విన్నపాలు

ఇంతవరకూ చెప్పింది సులభం. ఇప్పుడు చెప్పేది కష్టం.

రోజుకు పన్నెండు లీటర్లు ఇచ్చే ఆవు, లీటరు 35 రూపాయలు వేసుకున్నా రోజుకు 420 రూపాయలు. మూడు రోజుల మందు, ఆపైన ఏడు రోజులు, మొత్తం పది రోజుల పాలు పారబోస్తే 4,200 రూపాయలు. నెల కంతు దాంట్లోనే ఉంది. ఇది తెలిసి కూడా పాలు పారబోయండి అని ఊరకే చెప్పి ఇంటికి పోతే మేము న్యాయం చెప్పినట్టు కాదు. పాలు కేంద్రానికి పోసే అక్కకు మనసు లేక కాదు, వేరే దారి లేక పోస్తుంది.

మా వంతుగా మేము ఒక పని చేసినాము. మా మందుల పెట్టెల్లో నుంచి యాంటీబయాటిక్ ట్యూబులు, సూదులు తీసేసినాము. వాటి మీద మాకు కొంత ఆదాయం వచ్చేది, అది పోయింది. రాత్రిపూట ఫోన్ చేసి, మందు లేదంటే కోప్పడిన అక్కలు ఉన్నారు. ఇంక మీరు ఎందుకు అన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట నొప్పి పెట్టింది. అయినా మళ్లీ పెట్టుకోము. డాక్టరు చీటీ రాస్తే తెచ్చి, పద్ధతిగా ఎక్కించి, రోజులు లెక్కపెట్టే పని మాది.

సభను మూడు కోరుతున్నాము. ఒకటి, పాల పరీక్ష ఖర్చు సమాఖ్య భరించాలి. రెండు, డాక్టరు చీటీతో వైద్యం చేయించి, పాలు ఆపినట్టు గ్రామ సంఘం రాసిన సభ్యురాలికి, ఆపిన రోజుల నష్టంలో కొంత సమాఖ్య నిధి నుంచి ఇవ్వాలి. ఎంత అన్నది మీరు నిర్ణయించండి. మూడు, పాడి అప్పు తీసుకున్న ప్రతి ఇంట్లో ఆవుకు ఒక పుస్తకం పెట్టాలి. ఏ రోజు ఏ మందు, ఎన్ని రోజులు, పాలు మళ్లీ ఎప్పటి నుంచి పోయాలి అన్నవి రాయాలి. మన పొదుపు పుస్తకం రాసుకున్నంత శ్రద్ధగా రాయాలి.

పొదుపు మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట చెప్పి ముగిస్తాము. వారానికి ఇన్ని రూపాయలని వేసుకుని మనం ఈ సంఘాలు కట్టుకున్నాము. ఉమ్మడి డబ్బును ఒకరు అవసరం లేకుండా తీసుకుంటే, నిజంగా అవసరమైన రోజు ఇంకొకరికి ఉండదని మనకు తెలుసు. అందుకే తీర్మానం రాసి, సంతకాలు పెట్టి ఇస్తాము. మందు బలం కూడా అట్లాంటి ఉమ్మడి సొమ్మే. ఒక కొట్టంలో వృథా చేస్తే ఇంకో ఇంట్లో బిడ్డకు జ్వరం వచ్చిన రోజు అది ఉండదు. కాబట్టి దీనికి కూడా ఈ పొద్దే తీర్మానం రాసుకుందాము.